కోదాడ దాటని భరణం కాగితం

చిన్నమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున, మిర్యాలగూడ దవాఖానలో. ఆమె మా అమ్మ చెల్లెలు, నన్ను చదివించి వకీలును చేసిన మనిషి. ఆమె మంచితనం రాద్దామని కూర్చున్నాను గానీ, ముందు నా తప్పు చెప్పక తప్పదు.

రైసుమిల్లులో నూకలు చెరిగేది. తలకు తువ్వాల చుట్టుకుని, "ఎట్లున్న బిడ్డా, మహారాణి లెక్క ఉన్ననా?" అని అడిగేది. నేను నల్లకోటు వేసుకున్న మొదటిరోజు, తన ఒంటి మీది తవుడు అంటుతుందని దగ్గరికి రాలేదు. దూరం నుంచే చూసి, "ఇగ మనకు భయం లేదు" అంది.

చిన్నాయన ఆమెను వదిలేస్తే మిర్యాలగూడ కోర్టు భరణం ఇవ్వమంది. రాష్ట్రం రెండయ్యాక ఆయన కోదాడ దాటి జగ్గయ్యపేటలో కాపురం పెట్టి, ఇవ్వడం మానేశాడు. చిన్నమ్మ ఆర్డర్ కాగితం తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి, కడిగి ఆరబెట్టిన పాలకవర్‌లో దాచేది. "తడిస్తే ఖతం" అనేది.

నేను పుస్తకమైనా తెరవలేదు. "అది ఆంధ్ర చిన్నమ్మా. మన కోర్టు ఆర్డర్ గాడ చెల్లదు" అనేశాను. అప్పట్లో మా దిక్కు చాలామంది అట్లాగే అనుకునేవాళ్లు. కాకపోతే వాళ్లెవరూ నల్లకోటు వేసుకోలేదు.

"గంతేనా?" అని కాగితం మళ్లీ కవర్‌లో పెట్టుకుంది.

రెండేళ్లకు సూర్యాపేటలో ఇంకో కేసు చూస్తుంటే తెలిసింది. భర్త ఏ రాష్ట్రంలో ఉన్నా, అక్కడి కోర్టులోనే ఆ ఆర్డర్ అమలు చేయించుకోవచ్చు. చెప్తే నా తెలివి బయటపడుతుందని చెప్పలేదు. దసరాకు చీర కొనిపెట్టాను. మురిసిపోయి కట్టుకుంది. అంత నీచమైన పని నేనింకోటి చేయలేదు.

చిన్నమ్మ పోయిన మూడోనాడు, మిల్లులో ఆమెతో పనిచేసినామె నన్ను పక్కకు పిలిచింది. ఈమె భర్త కూడా ఆంధ్ర దిక్కే, నందిగామలో ఉంటాడట.

"నా ఆర్డర్ గూడ గాడ చెల్లదని అక్క జెప్పింది సారు. మా వకీలు బిడ్డ మాటంటే మాటే అనేది. నిజమేనా?"

"చెల్లుతదమ్మా. ఆయన యాడున్నా చెల్లుతది. రేపు కాయితం తీస్కరా."

ఆమె మొహం వెలిగింది. అంతలోనే, "మరి అక్కకెందుకు చెప్పలే సారు?" అంది.



మరునాడు పొద్దున్నే వచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది, కడిగి ఆరబెట్టిన పాలకవర్‌లో.