గొడుగుపేటలో రెండు గదుల ఇల్లు

ఉదయం ఏడున్నరకి గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాం, నేనూ మా వదినా. అన్నయ్య పోయి రెండేళ్ళు దాటింది. కూతురు విజయవాడ రమ్మన్నా వదిన వెళ్ళలేదు, ఒక్కతే ఉంటోంది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఈమధ్యే టీచరుగా రిటైరయ్యాను. నా మొదటి ఉద్యోగం బందర్లోనే. ఇద్దరం అక్కడ ఇల్లు తీసుకుని కలిసి ఉందామని నా ఆశ. "చూద్దాంలే" అంటూ నెలలు గడిపిన వదిన, "ఇల్లు చూడ్డానికైతే వస్తాను, ఒప్పుకున్నట్టు కాదు" అని బయల్దేరింది.

ఈ బండి ఎక్కేవాళ్ళు కుడివైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు. కవుతరం దాకా రెండు పక్కలా వరిచేలే. అక్కడ ఎక్కిన తోటకూర గంపల ఆవిడ మేం ఇల్లు చూడబోతున్నామని విని, "బందర్లో ఉప్పుగాలికి తలుపు గొళ్ళాలు నిలవవండీ, తుప్పే" అంది.

"విన్నావా సుజాతా?" అంది వదిన, సంబరంగా.

తొమ్మిదిలోపే దిగాం. కోనేరు సెంటర్లో ఇడ్లీ తిని, ఆటోలో గొడుగుపేట వెళ్ళాం. సన్నటి సందు, చివర పిండిమర. పాత పెంకుటిల్లు. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. వీధి వాటాలో ఇంటావిడ సుబ్బలక్ష్మిగారు ఉంటారు. పెరటి వాటా అద్దెకి: రెండు గదులు, వంటిల్లు, నూతి పక్కన సన్నజాజి పందిరి. వదిన వంటింటి కిటికీ తెరిచి చూసింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"అక్కచెల్లెళ్ళా?" అన్నారు సుబ్బలక్ష్మిగారు.

"కాదండీ, వదినా ఆడబడుచులం."

ఆవిడ మొహం మారింది. "ఒకటే వంటిల్లండీ. ఏమీ అనుకోకండి, నెల తిరక్కుండా పోట్లాడుకుని ఖాళీ చేస్తే నాకు ఇబ్బంది. ఇంకెవరన్నా వస్తారేమో చూస్తాను."

నా ప్రాణం ఉసూరుమంది. నేను నోరు తెరిచేలోగా వదిన అందుకుంది.

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మేం పోట్లాడుకుంటూనే ఉన్నామండీ. చారులో బెల్లం వేస్తుందీవిడ! అయినా ఒక్కపూట కూడా మాటలు మానుకోలేదు. మా ఆయన పోయినప్పుడు నాకు అన్నం కలిపి పెట్టింది ఈవిడే. మా గురించి మీకెందుకండీ బెంగ?"

సుబ్బలక్ష్మిగారు "కూర్చోండి, కాఫీ పెడతాను" అని లోపలికెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు గ్లాసులతోపాటు తాళంచెవి కూడా తెచ్చారు.

మెస్సులో భోంచేశాక, "మంగినపూడి వెళ్దామా, సముద్రం చూసొద్దాం" అన్నాను.

"ఇక్కడే ఉంటాంగా, తొందరేముంది?" అంది వదిన.

నేను గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాను. కళ్ళు నిండాయి.

నాలుగింటి బస్సులో గుడివాడకి తిరుగుప్రయాణం. కిటికీలోంచి వచ్చే గాలిలో సన్నగా ఉప్పదనం. హడావుడి లేని ఊరు బందరు. చూసి పోవడానికి ఒక పూట చాలు, మాకు మాత్రం చాలదు. పెడన దాటాక వదిన కూతురికి ఫోన్ చేసింది.

"ఇల్లు కుదిరిందే. చాలా బావుంది," అని, నాకేసి ఓరగా చూసి గొంతు తగ్గించింది. "మీ అత్తయ్యే కాస్త వెనకాముందాడింది. నేనే ఒప్పించాను."