నేను తగ్గించి చెప్పిన మాట

పోయిన నెలలో, నేను ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరైన యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు మనసు బాగోనప్పుడు వాళ్ళ భాషలో మాట్లాడే పెద్దవాళ్ళు కావాలట, అందుకు రెండు రోజులు శిక్షణ ఇస్తారట, తెలుగుకి నా పేరు రాసుకున్నారట. ఈ వయసులో నాకు శిక్షణేమిటని నవ్వుకుంటూనే మోకాళ్ళకి తైలం పట్టించుకుని కలకత్తా పక్కన మా లిలువాలో లోకల్ రైలెక్కాను. అక్కడ నా మనవరాలి ఈడు అమ్మాయి బోర్డు ముందు నిలబడి, పిల్లలు ఏ మాట అంటే ఆ మాటనే పట్టుకోవాలని, దాన్ని మెత్తబరచకూడదని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకకూడదని, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, అడిగే మనిషి ఒకరున్నారని తెలిస్తే చాలామందికి ఊపిరి తిరుగుతుందని చెప్పింది. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నేను మంచినీళ్ళ వంక పెట్టుకుని బయటికి వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే మా లిలువా క్వార్టర్ల దగ్గర మొదలుపెట్టాలి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు మా వరుసలో పదో పన్నెండో ఉండేవి. మగవాళ్ళు హిందీ, బెంగాలీ కలగాపులగం చేసి నెట్టుకొచ్చేవారుగాని ఆడవాళ్ళకి తెలుగు తప్ప మరో ముక్క వచ్చేది కాదు. నేను బెంగాలీ బడిలో చదువుతున్నాను కనుక ఎనిమిదో ఏటికే వాళ్ళందరికీ నోరైపోయాను. రేషను కొట్టుకి, ఆస్పత్రికి, బడిలో పెద్ద టీచరమ్మ దగ్గరికి, ఎవరికి పనిబడినా నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవారు. ఊరుగాని ఊళ్ళో పెరిగిన మన ఈడువాళ్ళలో ఈ ఉద్యోగం చెయ్యనివాళ్ళు తక్కువ, జీతం మాత్రం రెండు మరమరాల ఉండలు.

ఆ పనిలో మా అమ్మ నాకు ఒక్కటే నేర్పింది. మనవాళ్ళు ఏమన్నా సరే, పరాయివాళ్ళ చెవిన పడేసరికి అది మర్యాదగా ఉండాలి, మన పరువు నీ నోట్లో ఉంది అనేది. కిరసనాయిలు తక్కువ పోశాడని పక్కింటి అత్త, మేం దాదా, అంటే అన్నా అని పిలిచే రేషను కొట్టతన్ని ఏడు తరాలూ ఎత్తి తిడుతుంటే, నేను చేతులు కట్టుకుని, దాదా, అత్త మీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతోంది, కాస్త చూసి పొయ్యమంటోంది అనేదాన్ని. అతను మురిసిపోయి ఇంకాస్త పోసేవాడు. తన తిట్లకి జడిశాడని అత్త మురిసిపోయేది, ఇద్దర్నీ కలిపిన నా తెలివికి నేను మురిసిపోయేదాన్ని. మొగుడు చెయ్యి విరగ్గొడితే ఆస్పత్రికి వచ్చిన ఇంకొక పిన్ని డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పమని ఏడ్చినప్పుడు కూడా, మెట్ల మీద జారిపడిందని చెప్పాను. ఆ సాయంత్రం మా అమ్మ నా తల నిమిరింది. అది తప్పని నాకు చాలా ఏళ్ళు తోచలేదు.

పెద్దయ్యాక ఆ నోటి చలవతోనే యూనివర్సిటీలో విద్యార్థుల విభాగంలో కొలువు దొరికింది. పొద్దున్నే లోకల్లో హౌరా దాకా, అక్కడ లాంచీలో గంగ దాటి, ఆ పైన బస్సు. లాంచీలో రోజూ కలిసే ఆడవాళ్ళం ఊలు అల్లుకుంటూ, టిఫిన్ డబ్బాల్లో ఏముందో వాసన చూసి చెప్పుకుంటూ ఒడ్డు చేరేవాళ్ళం. ఆఫీసంతటికీ తెలుగుదాన్ని నేనొక్కర్తినే కాబట్టి, తెలుగు విద్యార్థి ఎవరొచ్చినా ప్యూను నా బల్ల దగ్గరికే తోలేవాడు.

అలా వచ్చిందే ఆ పిల్ల. పలాస వైపు నుంచి, బస్సు కండక్టరు కూతురు, డిగ్రీ దాకా తెలుగులోనే చదివి ఇక్కడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరింది. మొదటి రోజే పిన్నీ అని పిలిచింది. ఆదివారాలు మా ఇంటికొచ్చి, చింతకాయ పచ్చడితో రెండు ముద్దలు ఎక్కువ తిని, మావారిని బాబాయ్ బాబాయ్ అంటూ పేపరు చదివి వినిపించేది. దసరాకిచ్చే పూజా సెలవుల తరవాత రావడం మానేసింది. స్నేహితులు కుదిరారు కాబోలనుకున్నాను, ఒక్కసారి వెళ్ళి చూసొస్తే పోయేది. పిల్ల పక్క మీంచి లేవడం లేదని, తినడం లేదని హాస్టల్లో తన గదిలో ఉండే అమ్మాయి మేట్రనుకి చెబితే, ఆవిడ కౌన్సెలర్ దగ్గరికి పంపింది.

కౌన్సెలరంటే వారానికి రెండు రోజులు వచ్చే ఒక బెంగాలీ ఆవిడ, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, దీదీ అనేదాన్ని. డిస్పెన్సరీ పక్క చిన్న గది ఆవిడది. ఏడుపులో ఆ పిల్లకి ఇంగ్లీషు ముక్క రావడం లేదని నన్ను పిలిపించింది. ఆమె భాషలోనే చెప్పుకోనీ, నువ్వు నాకు చెప్పు అంది. నేను ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిల్ల నా వైపు తిరిగింది.

"నాకు బతకాలని నేదు పిన్నీ. పొద్దున్న తెలివొస్తే, ఎందుకొచ్చిందా అనిపిస్తంది."

నేను దీదీకి బెంగాలీలో చెప్పాను, పిల్లకి ఇల్లు బాగా గుర్తొస్తోందట, మనసేం బాగోలేదట, నిద్ర పట్టడం లేదట అని. ఆ మనసు బాగోలేదన్న మాట వానపడి బయటికెళ్ళలేకపోయినా బెంగాలీలు అనుకునేదే. ఎందుకలా చెప్పానో అప్పుడు నన్నడిగితే వంద కారణాలు చెప్పేదాన్ని. ఆ మాట ఫైలుకెక్కుతుంది, ఫైలు పైవాళ్ళకి పోతుంది, పిల్లని ఇంటికి పంపేస్తారు, ఎంత ఆశపడి పంపిన తండ్రి, నలుగురూ ఏమనుకుంటారు. నిజానికి ఇవేవీ ఆలోచించేంత వ్యవధి లేదు. చిన్నప్పటి నుంచి అలవాటైన నోరు, దానంతటదే తగ్గించేసింది.

దీదీ ప్రేమగానే మాట్లాడింది, వేళకి తినమంది, సరిగ్గా వారం రోజులకి మళ్ళీ రమ్మని కాగితం రాసిచ్చింది. ఆరు నెలలుగా ఈ ఊళ్ళో ఉన్న పిల్లకి, ఇల్లు అన్న బెంగాలీ ముక్క తెలియకుండా ఉంటుందా? తాను చెప్పింది ఇవతలికి చేరలేదని ఆమెకి తెలిసిందని నా నమ్మకం. నా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అనలేదు. బయటికొచ్చాక నా డబ్బాలో పులిహోర తినిపించి, ధైర్యంగా ఉండమని, నాన్నని తలుచుకోమని బుద్ధులు చెప్పి పంపాను. గదిలో తానన్న ఆ రెండు మాటలకి అర్థమేమిటని నేను కూడా అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం.

నాలుగో రోజున పిల్ల ఇక లేదని కబురొచ్చింది. ఏమేమి కలిసి ఆమెకి అంత బరువయ్యాయో నాకు తెలియదు, ఏదో ఒక్క కారణం పట్టుకుని చెప్పేవాళ్ళని నేను నమ్మను కూడా. నాకు తెలిసిందల్లా ఆమె నోరు విప్పి చెప్పిందన్నది.

తండ్రి వచ్చాడు. కండక్టరు యూనిఫారం చొక్కాతోనే డిపో నుంచి స్టేషనుకి వచ్చి బండెక్కేశాడట. తిరుగు బండి కోసం హౌరా స్టేషన్లో కూర్చున్నప్పుడు, కౌన్సెలర్ దగ్గర నేనూ ఉన్నానని ఎవరో చెప్పి ఉంటారు, నన్నొక్కటే అడిగాడు.

"ఆ గదిలో మా పాప ఏటి సెప్పిందమ్మా?"

మిమ్మల్ని తలుచుకుంది అన్నాను. తల ఊపాడు. ఆ పిల్ల విషయంలో ఇది నేను తగ్గించిన రెండో మాట.

దీదీ ఆ ఏడాది చివర్న ఉద్యోగం వదిలేసింది. అంత బాధలో ఉన్న పిల్ల ఎదురుగా కూర్చుంటే నాకు కనబడలేదే, ఇంక ఈ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు అని నా దగ్గరే వలవల ఏడిస్తే, వీపు నిమిరి టీ తెప్పించానుగాని నోరు విప్పలేదు. ఇరవయ్యేళ్ళు దాటింది. ఇంత సిగ్గుమాలిన పని నేను బతుకులో మరొకటి చెయ్యలేదు.

శిక్షణ అయిన మర్నాడు దీదీ చిరునామా కనుక్కుని గార్డెన్ రీచ్ బస్సెక్కాను. కొడుకు దగ్గర ఉంటోంది, చూపు తగ్గింది, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టింది. కూర్చోకుండానే, ఆ రోజు నేను మార్చి చెప్పానని బెంగాలీలో చెప్పేశాను. ఆవిడ నన్ను, ఆ పిల్ల ఎలా అందో అలాగే, ఆమె భాషలోనే చెప్పమంది. చెప్పాను. ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి. తెలుగు ఒక్క ముక్క రాని దీదీ ప్రతి అక్షరం విని, నెమ్మదిగా అంది.

"ఇది నాకు చేరి ఉంటే ఆ పూట ఆమెని ఒంటరిగా పంపేదాన్ని కాను. పక్క గదిలో డాక్టరున్నాడు. తండ్రికి డిపోకి ఫోన్ చేసేవాళ్ళం. ఆయన వచ్చేదాకా నేను కదిలేదాన్ని కాను."

నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పటి పిల్లలు మనలా కాదు, మనసు బాగోలేదని అన్నం తింటూ చెప్పేస్తారు, వాళ్ళకోసం హాస్టలు గోడల మీద నాలుగు భాషల్లో ఫోను నంబర్లున్నాయి, కౌన్సెలర్ గది తలుపు రోజూ తీసి ఉంటోంది. చూస్తే కడుపు నిండుతుంది. మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి అని మన ఈడువాళ్ళం నిట్టూరుస్తుంటాం, నేనూ నలుగురిలో అలాగే అంటూ వచ్చాను. కాని ఆ రోజు గది ఉంది, వినడానికి మనిషి ఉంది, చెప్పడానికి పిల్లకి ధైర్యమూ ఉంది. మధ్యలో నేను కూర్చున్నాను.