రెండో శనివారం అత్తతో భోజనం

మా మేనత్త పోయిందన్న ఫోను వచ్చేసరికి నా నోట్లో ముద్ద ఉంది.

గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని గోడవైపు తిరిగి తినడం నా అలవాటు. సింగరాయకొండలో అత్త పక్కింట్లో ఉండే మాస్టారు ఫోను చేసి, "అమ్మా, మీ అత్తయ్యగారు పోయారమ్మా" అన్నారు. ఆ ముద్ద మింగలేను, ఉమ్మలేను. బుగ్గన పెట్టుకునే అడిగాను, "తింటూ ఉండగానా?" అని. ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. "కాదమ్మా, నిద్రలోనే. పొద్దున పాలబ్బాయి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు." అప్పుడు గానీ ముద్ద గొంతు దిగలేదు. మనిషి పోయిందని ఏడవడం తర్వాత, తింటూ పోలేదు కదా అని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఇదేం మనిషి అని మీరనుకోవచ్చు. అనుకునే ముందు మా మావయ్య సంగతి కాస్త వినండి.

నన్ను కాలేజీలో చేర్చడానికి అత్తా మావయ్యా గుంటూరు తీసుకొచ్చారు. ఇద్దరూ టీచర్లు. మా నాన్న పత్తి విత్తనాల హడావిడిలో ఉండి రాలేకపోయాడు. హాస్టల్లో నా పెట్టె దించాక ముగ్గురం ఒక మెస్సుకి వెళ్ళాం. ఏ వింతా లేని మెస్సు. అరిటాకు, స్టీలు గ్లాసు, నెయ్యి గిన్నె పట్టుకుని బల్లబల్లకీ తిరిగే మనిషి. శనివారం కాబట్టి పూర్ణం బూరె స్పెషలు. మావయ్య ఎప్పట్లాగే ఏదో నవ్వించే కబురు చెబుతూ బూరె మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. ఒకసారి దగ్గులాంటిది వచ్చింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

పొలమారితే మన ఇళ్ళల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. అత్త కూడా అదే చేసింది. మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు. మీ హెడ్మాస్టరే అయ్యుంటాడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. పక్క బల్ల వాళ్ళూ నవ్వారు. మావయ్య చేతులు రెండూ బల్ల అంచు పట్టుకున్నాయి. అత్త మళ్ళీ తట్టింది, మంచినీళ్ళు తాగండి అని గ్లాసు జరిపింది. మొహం రంగు తిరిగాక గానీ అది పొలమారడం కాదని ఎవరికీ తెలియలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అంతా అయిపోయింది.

అక్కడ ఒక డాక్టరమ్మ అత్త పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. దగ్గుతున్నా, మాట వస్తున్నా గాలి ఆడుతున్నట్టే. మాట రాలేదంటే మాత్రం క్షణం ఆగకూడదు, వంచి వీపు మీద గట్టిగా చరచాలి. అత్త అంతా విని, "అయితే ముందు మాట్లాడమని అడగాలన్నమాట" అంది, పాఠం అప్పజెప్పినట్టు. ఆ తర్వాత ఆమె ఎవరి తల మీదా చెయ్యి వెయ్యడం నేను చూడలేదు. బళ్ళో పిల్లలు మార్కులు తెచ్చుకుని వచ్చినా, నేను వంగి కాళ్ళకి దండం పెట్టినా, చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే దీవించేది.

ఇక నా సంగతి. గుంటూర్లో ఉండాలంటే దగ్గుతో కాపురం చెయ్యాలి. యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందంటే రోడ్డున పోయేవాళ్ళంతా దగ్గుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకి నవ్వొస్తుంది. నాకు వెన్ను జివ్వుమనేది. దగ్గు ఆగితే ఇంకా భయం. తగ్గి ఆగిందా, ఊపిరాడక ఆగిందా? హాస్టల్లో అందరితో కూర్చుంటే నా కళ్ళు కంచంలో ఉండేవి కావు, ఎదుటివాళ్ళ గొంతుల మీద ఉండేవి. గుటక పడిందా లేదా అని చూస్తుంటే వాళ్ళు మాత్రం ఎలా తింటారు పాపం. నన్ను తప్పించుకుని కూర్చోవడం మొదలెట్టారు. నేను గదిలో తలుపేసుకుని అన్నం మజ్జిగలో పిసికి జావలా తాగేదాన్ని. ఉద్యోగం వచ్చి నల్లపాడులో గది తీసుకున్నాకా అదే తిండి. ఒకసారి అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుని చూసింది. గాజు మోచేతి దాకా జారిపోయింది.

"ఏమే, ఎన్నాళ్ళిలా?" అంది.

"తినలేను అత్తా. మింగబోతే మావయ్య చేతులు కనిపిస్తాయి."

ఆమె తర్వాతి నెల రెండో శనివారం పొద్దున్నే ఒంగోలు వచ్చి, అక్కడ గుంటూరు బస్సెక్కి, మిట్టమధ్యాహ్నం నా గుమ్మంలో దిగింది. చీమకుర్తి రాళ్ళ లారీలు దారంతా ముందే పోయాయని తిట్టుకుంటూ, "పద, రైలెక్కుదాం" అంది. తీసుకెళ్ళింది స్టేషనుకి కాదు. ఒక కొత్త హోటలుకి. లోపలంతా రైలు పెట్టెలా కట్టారు. బల్లల మధ్య పట్టాల మీద బొమ్మ రైలు తిరుగుతూ పళ్ళేలు తెచ్చిపెడుతుంది. చుట్టూ పిల్లలు కేరింతలు. అత్త నన్ను తనకెదురుగా కూర్చోబెట్టింది. "నా మొహం నీకు కనపడాలి, నీ మొహం నాకు కనపడాలి. మిగతావాళ్ళ సంగతి మనకెందుకు" అంది. మొదటి ముద్ద పెట్టుకుని నేను బిగుసుకుపోయాను.

"మాట్లాడు" అంది అత్త.

"ఏం మాట్లాడను?"

"నీ పేరు చెప్పు."

చెప్పాను. "ఇంకేం, గాలి ఆడుతోంది. మింగు" అంది. ఆరోజు నేను తిన్నది నాలుగు ముద్దలు. నాలుగింటికీ నా పేరు చెప్పాను. బొమ్మ రైలు మా దగ్గర ఆగినప్పుడల్లా పక్క బల్ల పిల్ల మమ్మల్నే చూసింది.

అలా మొదలై ఏళ్ళ తరబడి సాగింది. ఎక్కడ వింత హోటలు పెట్టారన్నా తన పాత విద్యార్థులనడిగి కనుక్కునేది. ఒకచోట జైలు కట్టారు. ఊచల గదిలో కూర్చోబెట్టి తాళం వేస్తారు, వడ్డించేవాళ్ళకి పోలీసు డ్రస్సు. తాళం పడగానే నాకు ముచ్చెమటలు పోశాయి. లోపల ఏదైనా అయితే ఎలా బయటపడతాం? లాఠీ పట్టుకున్న కుర్రాడు హుషారుగా, "ఏం కేసు మేడమ్ మీది?" అన్నాడు.

"ఇద్దరం పిరికివాళ్ళం. అదే కేసు" అంది అత్త. "తాళం తీసి ఉంచు నాయనా. పారిపోములే."

ఆ కుర్రాడు నవ్వి తీసేశాడు. మేము తిన్నంతసేపూ అత్త కాలు తలుపుకి అడ్డం పెట్టుకునే కూర్చుంది. నా కోసమే అనుకున్నాను. అప్పటికి నాకు ఆమె అంటే అలాగే తెలుసు, దేనికీ జంకని మనిషని.

అది కాదని బస్సులో తెలిసింది. ఊరి బయట మూలపడ్డ ఎర్రబస్సునొకదాన్ని కొని, సీట్ల మధ్య చెక్కలు బిగించి హోటలు చేశారు. డ్రైవరు సీట్లో క్యాషియరు. బిల్లు కట్టాక మనల్నే హారన్ కొట్టనిస్తాడు. పక్కనే కళ్ళంలో మిరపకాయలు ఎండబోశారు. మేం సగం తిన్నామో లేదో, ఎవరో కాయలు తిరగేసినట్టున్నారు, గాలి ఇటు మళ్ళింది. బస్సు బస్సంతా దగ్గు. నా చెయ్యి కంచంలోనే కొయ్యబారిపోయింది. అత్త వెనక సీట్లో బొద్దుగా ఉన్న ఒకాయన నోటినిండా బిర్యానీతో దగ్గుతున్నాడు. ఉన్నట్టుండి దగ్గు ఆగింది. ఆయన రెండు చేతులూ చెక్క అంచు పట్టుకున్నాయి.

నాకు నోరు పెగల్లేదు. అత్త నా మొహం చూసింది, వెనక్కి తిరిగింది, లేచింది. "ఏమండీ, మీ పేరేంటి? గట్టిగా చెప్పండి" అంది, క్లాసులో నిలదీసినట్టు.

ఆయన గుడ్లు తేలేశాడు. జవాబు లేదు. అత్త చెయ్యి ఆయన వీపు మీదకి లేచింది.

"సుబ్బారావండీ" అన్నాడాయన, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే. "ఏం, ఏమైంది?"

అత్త అక్కడితో ఆగలేదు. "మీరు? మీ పేరు? నువ్వమ్మాయ్, నీ పేరు చెప్పు" అంటూ బస్సు ఆ కొస దాకా వెళ్ళింది. దగ్గుతూనే అందరూ పేర్లు చెప్పారు, హాజరు పలికినట్టు. క్యాషియరు కూడా లేచి నిలబడి చెప్పాడు. "ఏమన్నా సర్వేనా అండీ?" అని ఎవరో అడిగారు. అత్త తిరిగొచ్చి కూర్చుని మంచినీళ్ళ గ్లాసు ఎత్తింది. చేతులు వణికి సగం నీళ్ళు చీర మీద పడ్డాయి. ఆమెకీ భయం ఉంటుందని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

ఆటోలో తిరిగొస్తూ అడిగాను. "అత్తా, మామూలు హోటలుకి ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదేం?"

"స్టీలు గ్లాసు, ఆకు, ఆ నెయ్యి గిన్నె మనిషి... అలాంటి చోట ఏ బల్ల చూసినా మీ మావయ్యే కూర్చుని ఉంటాడే. బొమ్మ రైలు దగ్గరికి రాడు. జైలుకి రాడు. అందుకని" అంది. మళ్ళీ తనే అంది, "నీకు తిండి అలవాటు చెయ్యడానికి వస్తున్నాననుకుంటున్నావు కదూ. ఇంటి దగ్గర నేనూ జావే తాగుతున్నాను. నెలకోసారి నీ ఎదురుగా కూర్చుంటేనే నాకు ముద్ద దిగుతుంది."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నల్లపాడు చేరేదాకా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

పోవడానికి నాలుగు రోజుల ముందు ఫోను చేసింది. ఈసారి చోటు చూసేశానంది. విమానమా అని ఎగతాళి చేశాను.

"ఆ మెస్సు. ఇంకా ఉందట, కనుక్కున్నాను."

"భయంగా ఉందత్తా" అన్నాను.

"నాకూ భయమే. నువ్వు భయపడితే నేను చూసుకుంటా. నేను భయపడితే నువ్వు చూసుకో. ఇద్దరికీ ఒక్కసారే వేస్తే లేచి వచ్చేద్దాం. అంతేగా" అంది.

ఆ శనివారం ఆమె దినాల్లో గడిచిపోయింది. పెద్దకర్మ నాడు పంక్తిలో నాకు ఆకు వేశారు. ఎదుట ఎవరెవరో. నేను మజ్జిగ తాగి లేచిపోయాను. మళ్ళీ జావలోకి, తలుపేసుకున్న గదిలోకి జారిపోతున్నానని అక్కడే తెలిసింది. అందుకే తర్వాతి నెల రెండో శనివారం ఆ మెస్సు గుమ్మం ముందు నిలబడ్డాను. ధైర్యం వచ్చి కాదు. వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ ఎక్కడా తినలేనేమోనని.

ఎంతమంది అన్నాడు కౌంటర్లో మనిషి. ఒక్కదాన్నే అని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరవాల్సి వచ్చింది. ఆ బల్ల ఉన్నచోట ఇప్పుడు కూలరు పెట్టారు. నేను ఖాళీ కుర్చీ ఎదురుగా ఉండేలా కూర్చున్నాను. ఆకు వేశారు, స్టీలు గ్లాసు పెట్టారు. పప్పు, బీరకాయ కూర, గోంగూర, ఒక మూల పూర్ణం బూరె. దాన్ని వేలితో ఆకు చివరికి జరిపాను. నెరిసిన జుట్టుతో ఒకావిడ నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చింది. ఒక ముద్ద తిన్నాను. రెండోది తిన్నాను. మూడోది గోంగూర. కారం కొండనాలుకకి తగిలింది.

దగ్గు వచ్చింది. ఆగింది. చూస్తే నా చేతులు రెండూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు. అప్పుడే నా మాడు మీద ఒక చెయ్యి పడింది.

"ఎవరో తలుచుకుంటున్నారమ్మా" అంది నెయ్యి గిన్నె ఆవిడ.

అదే చోటు, అదే మాట. ప్రాణాలు పోయాయనే అనుకున్నాను. నా పేరు గొంతులో ఎక్కడో ఇరుక్కుంది. పెదాలు కదిలించాను, రాలేదు. ఇంకోసారి. బొంగురుగా, కీచుగా, వచ్చింది. మళ్ళీ చెప్పాను, ఖాళీ కుర్చీకి వినపడేలా.

"ఏంటమ్మా అంటున్నారు?"

"నా పేరండి."

ఆవిడ వింతగా చూడలేదు. "నా పేరు రత్తమ్మ" అంది. చెయ్యి తియ్యబోయింది.

"కాసేపు ఉంచండి" అన్నాను.

ఒక చేత్తో నెయ్యి గిన్నె, ఇంకో చెయ్యి నా తల మీద పెట్టుకుని ఆవిడ అలాగే నిలబడింది. పక్క బల్ల వాళ్ళు నెయ్యి అడిగితే, "వస్తున్నా, ఉండండి" అంది. నేను బూరె అంచున చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఎదుటి కుర్చీ వైపు చూస్తూ నమిలాను, మింగాను, పేరు చెప్పాను.