అనుమతి లేని రెండు అంగుళాలు

అమెరికాలోని క్యారీ ఊళ్లో కాపురం పెట్టిన నాలుగో ఏట, ఒక మార్చి నెలలో, పొరుగు కౌంటీ రికార్డుల భాండాగారంలో అసిస్టెంట్ కన్సర్వేటర్‌గా చేరాను. ఆరు నెలల ప్రొబేషన్. కన్సర్వేటర్ అంటే పాత కాగితాలకు వైద్యం చేసే మనిషి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది కాగితాలు అతికించడానికా అని మా పిన్ని గుంటూరులో అందరి దగ్గరా వాపోయేది. వాపోతే వాపోనీ. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, పొడవాటి బల్ల, స్టవ్ మీద ఉడుకుతున్న గోధుమపిండి జిగురు వాసన. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

ప్రొబేషన్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా నా బల్ల మీదికి ఒక అర్జీ వచ్చింది. అమెరికా స్వాతంత్ర్యానికి కొన్నేళ్ల ముందు ఆ కౌంటీ రైతులు రాసుకున్నది. సొంతదారు మిసెస్ వెదర్లీ, ఎనభై దాటిన రిటైర్డ్ స్కూల్ టీచర్. సంతకాల్లో మొదటిది ఆవిడ పూర్వీకుడిది. మేము ఎన్నుకున్న సభ అనుమతి లేకుండా మా మీద పన్ను వేయడానికి వీల్లేదన్నది అందులోని సారాంశం. తాము మొదటినుంచీ తిరుగుబాటుదారులమని ఆ కుటుంబం చెప్పుకునే గొప్పకు ఆ కాగితమే సాక్ష్యం. కౌంటీ ప్రదర్శనలో పెట్టడానికని మాకు అప్పగించారు.

దాని పై అంచున అడ్డంగా ఒక కాగితం పట్టీ అంటించి ఉంది. అసలు కాగితం కంటే చాలా తర్వాతిది. దాని జిగురు కింది కాగితాన్ని తినేస్తోంది. అలాగే వదిలేస్తే కొన్నేళ్లలో అర్జీ పొడి అయిపోతుంది. తీయాలంటే ముందు పరీక్ష చేయాలి. ఎందుకంటే ఆ కాలపు సిరాకు తడి ఎక్కువైతే అక్షరం చెదిరిపోతుంది. పరీక్షకు సొంతదారు సంతకం కావాలి. ఆవిడ సంతకం చేసిన ఫారంలో "ఎడమ మూలన ఒక అంగుళం" అని ఉంది. ఫలితం చూపించి, మళ్లీ అనుమతి తీసుకున్నాకే మిగతా పట్టీ ముట్టుకోవాలి.

తేమను కొద్దికొద్దిగా వదిలే తడి గుజ్జు పట్టీ మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక పల్చటి స్టీలు రేకుతో పట్టీని లేపాను. అంగుళం దగ్గర రాజుగారి బిరుదు సగం కనిపించింది. అక్కడ ఆపాలి. ఆపలేదు! మూడో అంగుళం దాకా వెళ్లాను. పట్టీ కింద దాగిన రెండు వరుసల్లో కనిపించినంత మేర, తమరి విధేయులైన ప్రజలమని, ఇంగ్లండులో మా తండ్రులకున్న హక్కులే అడుగుతున్నామని ఆ రైతులు రాశారు. తిరుగుబాటన్న మాటే లేదు. ఆనందం పట్టలేకపోయాను. మరుక్షణం స్కేలు చూసుకుంటే మూడు అంగుళాలు, అనుమతి ఒక్కదానికే.

ఇంటికొచ్చి మా వారు మురళికి చెప్పాను. ఆయన కంపెనీలో లేఆఫ్ అయ్యి రెండు నెలలు. ఇంటిల్లిపాదికీ నా హెల్త్ ఇన్సూరెన్సే దిక్కు.

"రెండు ఇంచులేగా! నీ జిగురుతో మళ్లీ స్టిక్ చేసేసెయ్. రిపోర్ట్‌లో రాయకు. ప్రొబేషన్ క్లియర్ అవనీ ముందు."

"అబద్ధం రాయమంటారా?"

"అబద్ధం కాదే తల్లీ, రాయకపోవడం. పిల్లాడి అలర్జీ మందులు ఎవరు కవర్ చేస్తారు చెప్పు?"

ఆయన మాటా నిజమే. అందుకే ఒళ్లు మండింది. మర్నాడు చికిత్స నివేదికలో "అనుమతి ఒక అంగుళం, లేపినది మూడు అంగుళాలు, తప్పు నాది" అని రాసి, చీఫ్ కన్సర్వేటర్ లారా చేతికిచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, ఇది సొంతదారుకు నువ్వే చెప్పాలి అంది.

మిసెస్ వెదర్లీ కళ్లజోడు సవరించుకుని ఆ మూడు అంగుళాలూ చదివారు. ఆవిడ ముఖం పాలిపోయింది. ఈ మాటలు కనపడకుండా పట్టీ అంటించింది మా తాతయ్యే అయ్యుంటాడు, మా వాళ్లు రాజు కాళ్లు పట్టుకున్నారన్నమాట అన్నారు. కాగితం ఇంటికి తీసుకుపోతానన్నారు. తీసుకుపోతే ఆ జిగురుకే అర్జీ నాశనమైపోతుంది. నా ఉద్యోగం కంటే అది ఎక్కువ బాధపెట్టింది.

అప్పుడు మా తాతగారి సంగతి చెప్పాను. తెల్లదొరల కాలంలో ఆయన ఊరి రైతులకు అర్జీలు రాసిపెట్టేవారు. ప్రతిదీ "మహారాజశ్రీ కలెక్టరు దొరవారి దివ్యసముఖమునకు" అని మొదలయ్యేది. లోపల మాత్రం, మీ రూల్సు ప్రకారమే కాలువ నీళ్లలో మా వంతు మాకు రావాలి, ఎందుకివ్వరు అని ఉండేది. "మా తాత ఎవరి కాళ్లూ పట్టుకోలేదండీ. దొర రాసిన మాటనే దొర ముందు పెట్టి అడిగాడు. మీ వాళ్లూ అంతే. ఇంగ్లండువాళ్ల హక్కును ఇంగ్లండు రాజు ముందే పెట్టారు. ఆయన వినలేదు, వీళ్లు విడిపోయారు. ఈ రెండు వరుసలు లేకపోతే ఆ హక్కు వాళ్లకు ఎక్కడిదో తెలియదు."

ఆవిడ అర్జీ మీదికి వంగి మళ్లీ చదివారు. తర్వాత వేలితో కింది వాక్యం చూపించి అన్నారు.

"అనుమతి లేకుండా తీసుకోకూడదు. మా వాళ్ల గొడవంతా ఇదే కదా?"

"అవునండీ."

"మరి నువ్వు నా దగ్గర రెండు అంగుళాలు తీసుకున్నావు."

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ కొత్త ఫారం అడిగారు. స్కేలు నా చేత పెట్టించి, మిగిలిన పొడవు కొలిపించి, అంకె తన చేత్తోనే వేసి సంతకం చేశారు. తాతయ్య పట్టీని పారేయొద్దన్నారు. దాన్ని విడిగా కవరులో పెట్టి, అర్జీ పక్కనే ప్రదర్శించాం.

నాకు లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చి, ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగించారు. ఉద్యోగం నిలిచింది. మురళి వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

రిటైరైన రోజు నా సర్వీసు ఫైలులో ఆ హెచ్చరిక మళ్లీ చూశాను. అందులో ఒక్క మాట కూడా అన్యాయం లేదు. ఆ రెండు అంగుళాల కింద బయటపడ్డది మంచి విషయమే. కానీ విషయం మంచిదైనంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ ఎవరి కాగితం ముట్టుకున్నా ముందు ఫారం చదివాను, తర్వాత స్కేలు పెట్టాను, అంగుళం అన్నచోట అంగుళం దగ్గరే ఆగాను.