తలగడ ఎవరు తెచ్చారు

ఎడమ కంటికి ఆపరేషన్ అన్నప్పుడు నేను మొదట వేసిన లెక్క ఇది. ఆరు వారాలు చదవకూడదు. మామూలు రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. మొత్తం నూట ముప్పై ఎనిమిది అధ్యాయాలు వెనకబడతాను. కుడి కన్ను ఎన్నో ఏళ్ళ కిందటే పోయింది. ఎడమదానికీ చూపు రాకపోతే ఆ నూట ముప్పై ఎనిమిదితో ఆగదు, ఇక చదవడమే ఉండదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

అమ్మ ఇచ్చిన తెలుగు బైబిలును ఇరవై రెండు సార్లు పూర్తి చేశాను. ప్రతి అధ్యాయం చివరా పెన్సిలుతో తేదీలుంటాయి. ఇరవై మూడోసారి మార్కు సువార్త నాలుగో అధ్యాయం దగ్గర తేదీ వేసి, మర్నాడు వేలూరులో ఆపరేషన్‌కు వెళ్ళాను. ఆ తర్వాత గుడియాత్తంలో మా చెల్లెలి ఇంటికి చేరాను.

చెల్లెలు ఇంట్లోనే కూర్చుని, ఫ్యాక్టరీవాళ్ళిచ్చే అట్టలను జిగురుతో అగ్గిపెట్టెలుగా అంటిస్తుంది. నూట నలభై నాలుగు పెట్టెలు ఒక గ్రోసు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. అమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నది నేనొక్కదాన్నే. అందుకని వాక్యం విషయంలో తనంటే నాకు కొంచెం చిన్నచూపు ఉండేది. దాచుకోవడమెందుకు?

రెండో రోజు నా మొహం చూసి అడిగింది.

"ఏమక్కా, అట్ట కూర్చున్నావే? కడాసిగా ఏం చదివినావు?"

"మార్కు నాలుగు. నలభై ఒక్క వచనాలు."

"ఎన్నని యెవురడిగినారు? కత చెప్పు."

చెప్పాను. దోనె ఎక్కారు, తుఫాను వచ్చింది, ప్రభువు నిద్రపోతున్నాడు, లేపారు, గాలిని గద్దించాడు, అంతా నిమ్మళించింది.

"ఇరవై రెండు సార్లు చదివి ఇంతేనా? యాడ పండుకోనుండినాడు?"

"దోనెలో."

"దోనెలో యాడ?"

"వెనక వైపు. తలగడ మీద."

ఆ తలగడ నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియలేదు. అది నాలో ఉన్నట్టే నేనెరగను.

చెల్లెలి చెయ్యి జిగురు గిన్నెలోనే ఆగిపోయింది. "తలగడా? చేపలు పట్టే దోనెలోకి తలగడ ఎవురు తెచ్చినారు?"

ఆ సంగతి అధ్యాయంలో లేదు.

"అయితే దాన్నే పట్టుకోనుండు. పాస్టరయ్య ఆదివారం ఒక మాట చెప్తే, దాన్ని మనసులో పెట్టుకోని శనివారం దాకా పెట్టెలు అంటిస్తా నేను."

మొదలుపెట్టాను. సాయంత్రం కాఫీ ఇస్తూ, "ఎట్టుండాది తలగడ?" అంది.

"రెండు గ్రోసులు అయింది," అన్నాను. ఆ వాక్యాన్ని రెండు వందల ఎనభై ఎనిమిది సార్లు చెప్పుకున్నాను మరి.

అర్థమయ్యాక తను ఎంత నవ్విందంటే, ఆరబెట్టిన పెట్టెల తట్ట కాలికి తగిలి ఒరిగిపోయింది. "అయ్యో నా తల్లీ! ఫ్యాక్టరీవాళ్ళు వచ్చి నీ వాక్యాలు మూట కట్టుకోని పోతారా?"

మర్నాడు లెక్క లేకుండా కూర్చోబోతే నాకు చేతకాలేదు. వేళ్ళు వాటంతట అవే మడుచుకుంటున్నాయి. తను చూసి నా ఒళ్ళో అట్టముక్కలు పోసింది. "ఇవి మడస్తా ఉండు. చేతులకు పనుంటే లెక్క మరిచిపోతావు."

మూడు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం అట్ట మడుస్తూ మడుస్తూ నేను ఆ దోనెలో ఉన్నాను. నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి. చెంబుతో తోడిపోస్తూ, ఎన్ని చెంబులో లెక్కపెడుతున్నాను. వెనక ఆయన పడుకుని ఉన్నాడు. తల కింద పాత తలగడ, ఎవరి ఇంటిదో. పొద్దుపోయేదాకా నీళ్ళ మీద ఉంటారని ఏ ఆడమనిషో చేతికిచ్చి పంపి ఉంటుంది. చెంబు పడేసి ఆయన్ని లేపడానికి వెళ్ళాను. నా కన్ను పోతే నీకు పట్టదా అని అడిగాను. పైకే అన్నట్టున్నాను.

చెల్లెలు పని ఆపలేదు. "అదా సంగతి," అంది. "ఇన్నాళ్ళు అది చెప్పకుండా అధ్యాయాలు లెక్క చెప్తా ఉండావా?" మరో రెండు పెట్టెలు అంటించాక అంది: "కన్ను పోతే పోనీ. నేను అడుగుతా, నువ్వు చెప్పు. ఆ తలగడ మాదిరి నీ లోపల ఇంకెన్ని ఉండాయో."

ఆ రోజు పట్టపగలే చెల్లెలి తలగడ మీద గంటన్నర నిద్రపోయాను.

ఆరు వారాలకు వేలూరులో అద్దాలిచ్చారు. బోర్డు మీద కింది నుంచి రెండో వరుస దాకా చదివాను. మా ఇంటికొచ్చి బైబిలు తెరిస్తే, నా పెన్సిలు తేదీ అక్కడే ఉంది. తర్వాత చదవాల్సింది ఐదో అధ్యాయం. నేను తలగడ ఉన్న వాక్యమే మళ్ళీ చదివి, దాని పక్కన ఆ రోజు తేదీ వేశాను. మర్నాడూ అంతే. ఇప్పటికి ఆ వాక్యం పక్కన పదకొండు తేదీలు. ఇరవై మూడోసారి ఎప్పటికి పూర్తవుతుందో లెక్క వేయలేదు.

మధ్యాహ్నాలు చెల్లెలు ఫోను చేస్తుంది.

"ఏమక్కా, ఇంకా దోనెలోనే ఉండావా?"

"ఉండాను. తలగడకు గలీబు ఉండాదో లేదో చూస్తా ఉండాను."

"అయితే కొంచెం జరుగు. నేనూ కూర్చుంటా."