డెస్ హాలిగన్ గొంతు మిషను

టారవీ గొర్రెల సంతలో డెస్ హాలిగన్ ముప్పై ఏళ్లు వేలం వేశాడు. దొడ్ల మీద పరిచిన చెక్కబాట మీద నడుస్తూ, గుక్క తిప్పుకోకుండా ధర పెంచుకుంటూ పోతుంటే, ఇవాళ ఒక్క గొర్రె కూడా కొననని ఒట్టు పెట్టుకుని వచ్చిన రైతు కూడా తల ఊపేసేవాడు. ఆ తర్వాత గొంతులో క్యాన్సర్ వచ్చింది. అడిలైడ్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటి నుంచి అతనికి ఊపిరి మెడ కింది రంధ్రంలోంచే. మాట్లాడాలంటే చిన్న టార్చిలైటంత మిషనొకటి గొంతుకి ఆనించి బొత్తాం నొక్కాలి. మిషను వణుకుతుంది, పెదాలు కదిపితే ఆ వణుకే మాటవుతుంది. ఎత్తూ పల్లం లేని మాట, డబ్బాలో తుమ్మెద పడ్డట్టు ఒకటే రొద.

ఊళ్లోవాళ్లతో ఆ రొదతోనే నెట్టుకొచ్చాడు. అడిలైడ్‌లో ఉన్న అన్న క్లెమ్‌తో మాత్రం మాట్లాడలేదు. సిగ్గు. ఆపరేషన్ సంగతే ఆయనకి తెలియనివ్వలేదు. ఆపరేషన్‌కి ముందు తను ఎలా మాట్లాడేవాడో అన్న చెవిలో అదే ఉండిపోవాలనుకున్నాడు. క్లెమ్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. డెస్ భార్య ఐవీ ఫోనెత్తి, "పొలానికెళ్లాడు బావగారూ" అనో, "ఇప్పుడే పడుకున్నాడు బావగారూ" అనో బొంకేది. మూడేళ్లు ఇదే తంతు. పక్కనే కుర్చీలో కూర్చుని వినేవాడట మహానుభావుడు.

ఇక నా సంగతి. నా పేరు రోనా. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో రిపేర్లు చేసి రిటైరయ్యాను. శనివారం పొద్దున్నే ఊరి హాల్లో బల్లలు వేసి, ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు రానివాళ్లకి సోల్డరింగ్ నేర్పిస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు, అయినా వస్తారు. మా దగ్గర ఒకటే కట్టుబాటు. ఎవరి వస్తువు వాళ్లే బాగుచేసుకోవాలి. నేను నోటితో చెబుతాను, చేతులు వెనక్కి కట్టుకుంటాను. మొదట్లో జాలిపడి చేసిపెట్టేదాన్ని. అందరూ పాడైన టోస్టర్లు నా బల్ల మీద పడేసి టీ తాగడానికి పోయేవాళ్లు. అందుకే పెట్టాను ఈ కట్టుబాటు, ఇప్పటిదాకా ఎవరికోసమూ తప్పలేదు.

ఆ శనివారం పది దాటాక ఐవీ భర్తని ముందుకు తోసుకుంటూ హాల్లోకి వచ్చింది.

"రోనా, ఆ పనులన్నీ పక్కన పెట్టి ఇటు చూడు. చచ్చింది."

"ఏం చచ్చింది?"

"ఈయనగారి గొంతు!"

డెస్ మిషను బల్ల మీద పెట్టాడు. బొత్తాం నొక్కి చూపించాడు. చప్పుడు లేదు.

క్లెమ్ ఆస్పత్రిలో ఉన్నాడని, ఇంక ఆశ లేదని ఐవీ చెప్పింది. పన్నెండింటికి మత్తుమందు పెడతారు, ఆ తర్వాత లేవడు. పదకొండింటికి క్లెమ్ కొడుకు ట్రెంట్ ఫోన్ చేసి తండ్రి చెవి దగ్గర పెడతాడు. ఈసారి తనే మాట్లాడతానని డెస్ ఒప్పుకున్నాడు. తీరా పొద్దున లేచేసరికి ఇది మొరాయించింది. కొత్తది వచ్చేవారం గానీ రాదు.

"పోనీ నువ్వు మాట్లాడరాదూ ఐవీ?" అన్నాను.

"మూడేళ్లుగా మాట్లాడింది నేనే కదా! చావు ముందు కూడా మరదలి అబద్ధాలే వినాలా ఆయన?"

స్క్రూడ్రైవర్ డెస్ చేతిలో పెట్టి, నా చేతులు వెనక్కి కట్టుకున్నాను.

మూత తీయగానే నూనె వాసన గుప్పుమంది.

"ఏం పోశావు ఇందులో?"

డెస్ చేత్తో గొర్రె బొచ్చు కత్తిరిస్తున్నట్టు చూపించాడు.

"కత్తెర మిషను నూనా? నీకసలు బుద్ధుందా?"

మా ప్రాంతంలో ఇదొక రోగం. గేటు కిర్రుమంటే నూనె, పంపు ఆగితే నూనె. బొత్తాంలో దుమ్ము చేరి కాస్త బిగుసుకుందని రాత్రి నూనె పోశాడట. దుమ్మూ నూనే కలిసి లోపల బురదైంది, కరెంటు దారి మూసుకుపోయింది. మీటరు పెట్టించి చూశాను, బ్యాటరీ బాగానే ఉంది.

"స్పిరిట్‌తో మెల్లగా తుడువు. మెల్లగా అన్నాను!"

డెస్ వేళ్లు ఒక్కోటీ నా వేళ్లకి రెండింతలు. దూది పట్టుకుని తుడిచాడు, బురద కదల్లేదు. నేను గడియారం కేసి చూసి తల తిప్పేలోపు జేబులోంచి చాకు తీసి గీకాడు. బొత్తాం కిందున్న సన్నటి రాగికాలు టప్పున విరిగింది.

ఐవీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హాల్లో ఉన్నవాళ్లంతా తమ తమ రిపేర్లు ఆపేసి మా బల్ల చుట్టూ చేరారు.

"జరగండి, గాలి రానివ్వండి!" అని కసిరాను. "డెస్, ఇటు చూడు. బొత్తాం పోతే పోయింది. రెండు వైర్లు అంటిద్దాం. ఆ రెంటి కొసలూ కలిపితే మిషను మోగుతుంది. పట్టు."

డెస్ కాగిన సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాడు. మొదటి వైరు అంటుకుంది, వంకరగానే, కానీ గట్టిగా. రెండోది అంటించేటప్పుడు భయపడి ఐరన్ తీయకుండా అలాగే నొక్కి ఉంచాడు.

"తియ్యి! తియ్యి!"

తీసేసరికే బోర్డు మీది రాగిపొర కాలి పొట్టులా లేచి వచ్చింది. ఇంక వైరు అంటించడానికి చోటు లేదు. వెంట్రుకంత రాగిగీత మాత్రం మిగిలింది. డెస్ ఐరన్ బల్ల మీద పెట్టి, నీళ్లు నిండిన కళ్లతో నా మొహంలోకి చూశాడు. ఆ మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

పదకొండైంది. ఐవీ ఫోన్ మోగింది.

"రోనా, నీ కాళ్లు పట్టుకుంటాను," అంది ఐవీ. "నీ కట్టుబాటు తగలెయ్యి!"

తగలేశాను. వైరు కొస ఆ రాగిగీత మీద పెట్టి గోటితో నొక్కాను. రెండు వైర్లూ కలిపాను. మిషను బుర్రుమంది. డెస్ దాన్ని నా చేతితో సహా గొంతుకి ఆనించుకున్నాడు. అతని మెడలో నరం కొట్టుకోవడం నా వేళ్లకి తెలుస్తోంది. ఐవీ ఫోనెత్తి స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది.

"బాబాయ్, నాన్న వింటున్నాడు, మాట్లాడు," అన్నాడు ట్రెంట్.

"అన్నా," అన్నాడు డెస్.

అటునుంచి ఆయాసపు ఊపిరి వినిపించింది. ఆ వెనకే ముసలి గొంతు, "ఎవరూ?" అంది.

"డెస్‌ని."

"నీ గొంతేంట్రా అలా ఉంది? రేకుడబ్బాలా."

డెస్ కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు భయపడ్డాడో అదే జరిగింది.

"ఇంక ఇంతే అన్నా. ఇదే నా గొంతు. నువ్వు వింటే బాధపడతావని..."

"వెధవా," అన్నాడు క్లెమ్. ఒక్కో మాటకీ ఆయాసపడుతున్నాడు. "కుక్కలా మొరిగినా వినేవాణ్ణి కదరా. నామీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఏం తప్పు చేశానా అని... మూడేళ్లు అదే ఆలోచన."

నా కళ్లకి మసకలు కమ్మాయి. గోరు జారింది. మిషను ఆగిపోయింది. డెస్ పెదాలు కదులుతూనే ఉన్నాయి, గబగబా కదులుతున్నాయి, మాట లేదు.

"ఒరే డెస్, ఉన్నావా?"

ఆ గీత ఎక్కడుందో కనిపించడం లేదు. తడుముతున్నాను. వైరు దొరుకుతోంది, గీత దొరకడం లేదు.

"నాన్నా, బాబాయ్ పెట్టేసినట్టున్నాడు," అన్నాడు ట్రెంట్.

"పెట్టెయ్యలేదు!" హాలంతా అదిరేలా అరిచాను. "ఇక్కడే ఉన్నాడు! నీతోనే మాట్లాడుతున్నాడు క్లెమ్, నా చెయ్యి జారింది, అంతే! ఫోన్ తియ్యకు ట్రెంట్, తీశావంటే చంపేస్తాను!"

డెస్ నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా. చెయ్యి కుదురుకుంది. గోరు కింద గీత తగిలింది. మిషను మోగింది.

"ఉన్నాను అన్నా. కోపం లేదు. నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు."

క్లెమ్ ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే మాట్లాడు. నాకు ఓపిక లేదు, నువ్వే మాట్లాడు. ఆపకు."

పన్నెండింటికి మత్తుమందుతో నర్సు వచ్చేదాకా డెస్ మాట్లాడుతూనే ఉన్నాడు. నేను గోరు తీయలేదు.