యెరూషలేములో కాళ్ళు కడుక్కున్న పాపానికి

మద్రాసు రాజధాని కాలంలో మా మార్కాపురం తాలూకాలో మనిషికి అవమానం జరిగితే పదిమందికి చెప్పుకొని మరిచిపోయేవాడు. నాకు ఆ అలవాటు అబ్బలేదు. నేను దాచుకుంటాను. బడిలో నన్ను వెనక బెంచీకి మార్చిన అయ్యవారు మొదలు, పెళ్ళి బంతిలో నా విస్తరి దాటేసి పక్కవాడికి పప్పు వడ్డించిన మేనమామ దాకా అందరూ నాకు గుర్తే. వీళ్ళందరికంటే పైన ఉన్నవాడు యెరూషలేములో ఒక చర్చి కాపలాదారు. (ఆ చర్చి పేరు రాయను. రాస్తే వాళ్ళకు గొప్ప ఇచ్చినట్టవుతుంది.)

పెద్ద యుద్ధంలో నేను మిలిటరీ స్టోర్సు గుమాస్తాగా చేరితే, ఓడెక్కించి ఆ దేశం పంపారు. ఎక్కడున్నదీ రాయకూడదు గనక "బైబిల్లో ఉన్న చోటే ఉన్నాను" అని ఇంటికి రాశాను. మా అమ్మ పుల్లలచెరువు దగ్గర పల్లెలో కూలికి పోయే మనిషి. చదువు రాదు కాబట్టి పాస్టరుగారి చేత జవాబు రాయించింది. "నాయనా, ప్రభువు నడిచిన ఊరికి పో. గుళ్ళో మోకాళ్ళేసి నా పేరు ఒక్కసారి చెప్పు. నేనెట్లా రాలేను, నా పేరన్నా పోయి రానీ. కాళ్ళు కడుక్కోకుండా మాత్రం లోపలికి పోవద్దు." మా పల్లెలో ప్రార్థన తాటాకు పాకలో జరిగేది. నీళ్ళకు మైళ్ళు నడిచే ఊరే అయినా పాక వాకిట్లో కుండ ఎప్పుడూ నిండుగా ఉండేది. పొలం నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి, కాళ్ళూ ముఖమూ కడుక్కొని చాప మీద కూర్చునేవారు. నాకు తెలిసిన క్రైస్తవం అది.

చివరికి ఒక్కరోజు సెలవు దొరికింది. సాయంత్రం అయిదింటికల్లా లారీ దగ్గరుండాలి. నాతో వచ్చినవాడు మా యూనిట్ డ్రైవరు, కంభం సాయిబు. పెద్దవాడు గనక మామా అనేవాణ్ణి. యూదులకూ, మాకూ, సాయిబులకూ ముగ్గురికీ పవిత్రమైన ఊరది. అయినా ఊరి కోట వాకిట్లో దిగగానే నేను, "మామా, నువ్వు మసీదుకు పో. దారి తప్పితే నా దగ్గరకు రా. ఈ ఊరు నాకు చిన్నప్పటినుంచి తెలుసు" అన్నాను.

చర్చి గుమ్మం ముందు బూట్లు విప్పాను. నీళ్ళ సీసా వంచి కాళ్ళు కడిగాను, ముఖం కడిగాను. తెల్ల సోల్జర్లు బూట్లు టకటకలాడిస్తూ నా పక్కనుంచే లోపలికి పోతున్నారు. కాపలా ముసలాయన నన్ను మాత్రం ఆపి, నా తడి కాళ్ళ వంక చూసి, చిరునవ్వుతో మసీదు ఉన్న వైపు చెయ్యి చూపించాడు. కాళ్ళూ ముఖమూ కడుక్కున్నాను గనక నమాజుకు వచ్చి దారి తప్పానని అతని నమ్మకం. "క్రిస్టియన్!" అన్నాను. మళ్ళీ కాళ్ళ వంక చూసి పకపకా నవ్వాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన మొత్తం తెలుగులో గడగడా అప్పజెప్పాను. భక్తిగా తల ఊపుతూ విని, ఈసారి మరింత మర్యాదగా మసీదు వైపు చూపించాడు.

బూట్లు చేత పట్టుకొని మసీదు దాకా వెళ్ళాను. మామ అప్పుడే బయటికి వస్తున్నాడు.

"ఏంది అల్లుడా, దారి తప్పినావా?"

జరిగింది చెప్పాను.

"దానికేముంది, బూట్లు తొడుక్కొని పోరాదా?"

"తొడగను. మా అమ్మ వద్దన్నది."

"అబ్బో, ఏం మొండిఘటం పుట్టినావురా!" అంటూనే మామ నాతో వచ్చాడు. ముసలాయనకు సలాం కొట్టి, బజారులో నేర్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో నేను కిరస్తానీనని సాక్ష్యం చెప్పాడు. నా ప్రభువు గుళ్ళోకి నేను పోవడానికి ఒక సాయిబు పూచీ కావలసి వచ్చింది! ముసలాయన వెంటనే దారి ఇచ్చాడు. మామ కూడా బూట్లు విప్పి, నా సీసాలో మిగిలిన నీళ్ళతో కాళ్ళు కడుక్కొని నా వెనకే వచ్చాడు.

మోకాళ్ళు వేసి కళ్ళు మూసుకున్నాను. కాపలాదారు మీద ఫిర్యాదు మొదలుపెట్టాను. వాడి నవ్వు, చూపించిన చెయ్యి, బూట్లతో పోయిన తెల్లవాళ్ళు, ఒక్కటీ విడవకుండా వరసగా విన్నవించాను. (అందులో ఒక్క అబద్ధం లేదు. ఈనాటికీ ఆ మాట మీద నిలబడతాను.) ఇంతలో అయిదు కావస్తున్నదని మామ భుజం తట్టాడు. పరుగున వచ్చి లారీ ఎక్కాం. ఊరి గోడలు కనుమరుగయ్యాక గుర్తొచ్చింది.

"మామా, అమ్మ పేరు చెప్పలేదు."

"నువ్వు చెప్పవని నాకు తెలుసులే. బుసలు కొడతా పోయినావు గదా. నీ వెనకాల నిలబడి నేనే చెప్పినా."

"పేరెట్లా తెలుసు నీకు?"

"ఆ ఉత్తరం, కింద మీ అమ్మ పేరుతో సహా, నాకు నాలుగుసార్లు చదివినావు గదరా!"

"సాయిబు చెబితే చెల్లుతుందా?" అని పోట్లాడాను. (కృతజ్ఞత చూపవలసిన చోట పోట్లాట పెట్టుకోవడం నాకు ముందునుంచీ ఉన్నదే.)

"వాకిట్లో ఆయనకు చెల్లిన మాట లోపలాయనకు చెల్లదా?" అన్నాడు మామ.

యుద్ధం ముగిసి ఇల్లు చేరాక అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. "ఆ అన్న కాళ్ళు కడుక్కొనే పోయినాడా?" అని అడిగింది. కడుక్కున్నాడన్నాను. "ఇంకేంది మరి!" అని, ఆ పూట కూలికి పోతూ దారి పొడవునా అందరికీ తన పేరు యెరూషలేము పోయి వచ్చిందని చెప్పుకుంది.

ఇప్పుడు అమ్మా లేదు, మామా లేడు. నా మోకాళ్ళు కూడా వెనకటిలా వంగవు. అయినా కళ్ళు మూసుకోగానే ముందు కనపడేది ఆ కాపలా ముసలాయనే. కాస్త ఆగమంటాను. వాళ్ళిద్దరి పేర్లూ ముందు చెప్పేసి, ఆ తరువాతే ఫిర్యాదు ఎత్తుకుంటాను. అంతమాత్రం బాగుపడ్డాను.